ఎనిమిది రంగుల పిట్ట వీపు

తెల్లవారుతుండగానే తైనాన్ నగరంలో ఒక పార్కులో వెదురుపొద ఎదుట ముసలివాళ్ళు వరసగా చేరతారు. మడత కుర్చీలు, టీ ఫ్లాస్కులు, తొడంత లావు కెమెరా లెన్సులు. వాటిని ఊళ్ళో ఫిరంగులంటారు. ఎవరో ఒకరు నాచు పట్టిన కొమ్మ మీద నాలుగు పురుగులు పెట్టి వస్తారు. ఇక చేసే పనేమీ ఉండదు, కూర్చోవడమే.

ఎనిమిది రంగుల పిట్ట వాలగానే ఒకరు కెమెరా మీట నొక్కుతారు. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, మిగతా వేళ్ళన్నీ వాటంతట అవే నొక్కేస్తాయి. పేలాలు వేగినట్టు టపటపా వందల ఫోటోలు.

పిట్ట ఊపిరి కొంత ఫోటోలోకి వస్తుందని అక్కడందరికీ తెలుసు. దానివల్ల పిట్టకేమీ నష్టం లేదు. కాకపోతే, మనం ఎన్ని తీస్తే మనకొచ్చిన ఊపిరి అన్ని ముక్కలవుతుంది. పది తీస్తే ఏదో ఒకదాంట్లో రెప్ప కదులుతుంది. వంద తీస్తే వట్టి బొమ్మ. ఒక్కటే తీస్తే పిట్ట కాగితం మీద బతికే ఉంటుంది. తెలిసినా ఆ ఒక్కటితో ఎవరూ ఆపరు. అదీ మసగ్గా వస్తే?

బస్సు నడిపి రిటైరైన లియావ్ కూడా ఇన్నేళ్ళూ వందలే తీశాడు. ఇప్పుడతనికి ఒక్కటి కావాలి.

చలికాలంలో అతని భార్య యుయెతావ్ స్నానాలగదిలో జారిపడింది. ఎముక అతుక్కుంది. లేచి కూర్చోవడం మొదలుపెట్టకపోతే ఇక నడక రాదని డాక్టరు చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. బతిమాలితే, "లేచి ఏం చూడాలి?" అంది. ఆమె పుట్టిల్లు కొండల్లో వెదురుతోట. ఎండలు ముదిరే వేళకి అక్కడ ఎనిమిది రంగుల పిట్ట కూసేది. లియావ్ ఆమెకి తెచ్చిచ్చినవన్నీ ఆ పిట్ట వట్టి బొమ్మలే.

ఆ ఉదయం పిట్ట వచ్చింది. వరసంతా పేలింది. లియావ్ వేలు దురద పెట్టింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు.

పక్క కుర్చీలో దర్జీ ఫాంగ్ నవ్వాడు. "ఏంటన్నా, నీ ఫిరంగి తుప్పు పట్టిందా?"

"ఒక్కటే తీస్తాను."

"ఒక్కటా? ఫోటోల పోటీలో నీ పిట్ట ఊపిరి ఎవరడుగుతారు? ఈక ఈకా కనబడాలి గానీ."

"పోటీకి కాదులే."

పిట్ట పురుగులు తినేసింది. అందరూ తలలు వంచి తమ ఫోటోలు చూసుకుంటున్నారు. పిట్ట ఎగరబోయింది. లియావ్ గబుక్కున నొక్కాడు.

ఫాంగ్ తొంగిచూసి, "వీపు," అన్నాడు. "తోకా వీపూ. అదుగో, మళ్ళీ వాలింది చూడు, ఎదురుగా. తియ్యన్నా, నీ సొమ్మేం పోతుంది?"

నిజంగానే వాలింది, ఎర్రటి పొట్ట ఇటు పెట్టుకుని. లియావ్ వేలు మీట మీదికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. తరవాత అతను లెన్సుకి మూత పెట్టేసి కుర్చీ మడిచాడు.

ఫోటో అచ్చు వేయించి, యుయెతావ్ మొహానికి ఎదురుగా గోడకే అతికించాడు.

ఆమె దాన్ని చూసి, "వీపు తీశావేం?" అంది.

"అంతే దొరికింది."

"బాగుంది. నీ పిట్ట కూడా అటు తిరిగే ఉంది."

పిట్ట తోక ఆడించింది. రోజంతా అంతే. మర్నాడూ అంతే. ఆమె మాత్రం లేవలేదు. లియావ్ వంటింట్లోకి వెళ్ళి, చిలగడదుంప ముక్కలు వేసి గంజి కాచుకొచ్చాడు.

అప్పుడు కాగితం మీద చిన్న అలికిడి అయింది. పిట్ట ఇటు తిరిగింది. అది యుయెతావ్ కళ్ళలోకి చూడలేదు. ఆమె భుజం మీదుగా, వెనక్కి, మెడ సాచి దేన్నో చూస్తోంది. రెండుసార్లు కూసింది.

"ఏం చూస్తోందది?" అంది యుయెతావ్.

ఆమె మోచెయ్యి పరుపులో ఊని, పళ్ళు బిగపట్టి, కొంచెం కొంచెంగా ఇటు తిరిగి లేచి కూర్చుంది.

వెనక గంజి గిన్నె పట్టుకుని లియావ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఆమె అతన్ని కాసేపు చూసింది.

"ఎంత చిక్కిపోయావయ్యా," అంది. "ఇలా ఇవ్వు, చల్లారిపోతుంది."