నేలమాళిగలోకి వెళ్ళని రోజు

నేను మా ఆయన డెల్బర్ట్ చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా, మా ఏడేళ్ళ పాప గ్లెన్నా బడి నుంచి వచ్చి మెడలో కొత్త గొలుసు చూపించింది. గొలుసుకు ఇనుపబిళ్ళ. బిళ్ళ మీద పాప పేరు, వాళ్ళ నాన్న పేరు, ఇంటి చిరునామా.

"ఎవరిచ్చారే?"

"టీచరు. అణుబాంబు పడి మేం కాలిపోతే ఎవరు ఎవరో తెలియాలి కదా. అమ్మా, బిస్కట్లున్నాయా?"

బిస్కట్లిచ్చాను, పాలు పోశాను. ఈలోగా కాలరు మాడిపోయింది.

డెల్బర్ట్ క్షిపణుల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భోజనాల దగ్గర బిళ్ళ సంగతి ఎత్తితే విసుక్కున్నాడు. "వీధిలో పిల్లలందరూ వేసుకున్నారు. నీ ఒక్కదానికే వచ్చిందా బాధ? నలుగురితో పాటు ఉండటం నేర్చుకో, వెర్నా. మా ఫ్యాక్టరీ పైవాళ్ళు మన ఇళ్ళ మీద కూడా ఓ కన్నేసి ఉంచుతారు."

"మా రోజుల్లో ఇవన్నీ ఆలోచించే తీరికెక్కడిదమ్మా!" అన్నారు అత్తగారు, ఖాళీ గిన్నె నా వైపు జరుపుతూ.

తీరిక! యుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్ళినప్పుడు నేను ఓడల కార్ఖానాలో వెల్డింగు చేశాను. మగవాళ్ళు తిరిగొచ్చిన వారంలోనే మేస్త్రీ నవ్వుతూ, "ఇక ఇంటికెళ్ళి మీ ఆయనకి వండిపెట్టుకో పిల్లా" అన్నాడు. చప్పట్లు కొట్టి పంపించారు. అప్పటి నుంచి పదహారేళ్ళుగా తుడిచిన నేలనే తుడుస్తున్నాను. ఆయన పై అధికారి భార్య వస్తే దవడలు నొప్పెట్టేదాకా నవ్వుతున్నాను. మా పెరట్లో గడ్డి పక్కింటి గడ్డి కంటే పొడుగు పెరిగితే సంజాయిషీ చెప్పుకుంటున్నాను. నిప్పురవ్వల మధ్య పది గంటలు పనిచేసిన రోజుల్లో కూడా ఇంత అలసట ఎరగను.

మర్నాడు వెనకింటి నర్సు థెల్మా, బట్టలారేస్తున్న నా దగ్గరికొచ్చింది. "శుక్రవారం అభ్యాసం కోసం బాంబు సైరన్ మోగిస్తారట. అందరూ కోర్టు నేలమాళిగలోకి దిగాలట, దిగకపోతే నేరమట. మేం నలుగురం దిగం. కోర్టు ముందు పచ్చిక మీదే ఉంటాం. నువ్వూ రారాదూ?"

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ లేదు. ఊరికే నిలబడాలి."

"అది నాకు అలవాటేలే," అన్నాను.

శుక్రవారం సైరన్ మోగింది. క్షణాల్లో వీధి ఖాళీ అయింది. పచ్చిక మీద మేం ఐదుగురం మిగిలాం. ఓ పోలీసు వచ్చాడు.

"పదండమ్మా, పది నిమిషాల పని. ఎందుకీ గొడవ?"

"బాంబు పడితే ఆ నేలమాళిగ మమ్మల్ని కాపాడుతుందా?" అని అడిగాను.

"నన్నడిగితే ఏం చెప్పను? నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు."

"వాళ్ళ మెళ్ళోనూ బిళ్ళలున్నాయా?"

అతను వెళ్ళి వ్యాను తలుపు తెరిచాడు.

స్టేషన్లో బెంచీ మీద థెల్మా వాళ్ళ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఎవరూ ఏమీ తెమ్మనలేదు. పట్టపగలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఎన్నేళ్ళయిందో.

డెల్బర్ట్ చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో కాగితం. "మన డాక్టరు చేత రాయించుకొచ్చాను. నరాల జబ్బు వల్ల తెలియక చేశావని. సంతకం పెట్టు, వదిలేస్తారు. నా ఉద్యోగం నిలబడుతుంది. అమ్మ పొయ్యి వెలిగించడం రాక కూర్చుంది."

చదివాను. చాలా దయగా రాశారు. ఆయన పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"నాకే జబ్బూ లేదు, డెల్బర్ట్. అలిసిపోయాను. రెండూ ఒకటి కాదు."

కాగితం ఆయన చేతిలోనే పెట్టి, పోలీసు వైపు తిరిగాను. "తెలిసే నిలబడ్డానని రాసుకోండి," అన్నాను. వెళ్ళి మళ్ళీ థెల్మా పక్కన కూర్చున్నాను.