ఏడో నంబరు ఇంటి గాలి

గురువారం ఉదయం తొమ్మిది నలభైకి బిలాస్‌పూర్ పక్కన ఉస్లాపూర్‌లోని ఏడో నంబరు ఇంటికి అమ్మన్న పాస్ రాశాడు. పది ఇరవైకి ఆ పాస్‌ను తనే కొట్టివేశాడు.

పరీక్ష ఎప్పటిలాగే జరిగింది. కిటికీలన్నీ మూశాడు. వీధి గుమ్మానికి చట్రం బిగించి, దానికి గుడ్డ తొడిగి, గుడ్డకున్న గుండ్రటి రంధ్రంలో ఫ్యాన్ కూర్చోబెట్టాడు. ఫ్యాన్ ఇంట్లోని గాలిని బయటికి తోడుతుంటే బయటి గాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. అలా గంటకు ఇంటి గాలి మొత్తం ఎన్నిసార్లు మారుతుందో మీటరు చెబుతుంది. ఐదు దాటితే ఫెయిల్. అప్పుడు సందులు వెతకాలి. అందుకు ఆఫీసు వాళ్లు అగరొత్తులు ఇచ్చారు. పొగ వంగిన చోట సందు ఉన్నట్టు. అమ్మన్న వాటిని వాడడు. చెయ్యి తడిపి, మడిచి, వేళ్ల వెనకభాగం గోడ దగ్గర పెడతాడు.

ముప్పై ఆరేళ్లు రైల్వేలో అదే పని. వ్యాగన్ల కింద దూరి బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడ కారుతోందో పట్టేవాడు. తండ్రి పలాస నుంచి వచ్చి బిలాస్‌పూర్ యార్డులో ఖలాసీగా చేరాడు. కొడుకు అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. మూడేళ్లుగా కొత్త ఇళ్లను పరీక్షించే చిన్న ఆఫీసులో పని చేస్తున్నాడు. ఇప్పుడు అరవై మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఆయన రాసిన అంకెను ఎవరూ మార్చలేదు.

ఆ వరసలో మొదటి ఆరు ఇళ్లకూ నాలుగు, నాలుగుంబావు వచ్చాయి. ఏడోదానికి రెండున్నర వచ్చింది. బ్రేకు గొట్టంలో గాలి ఎంత తక్కువ కారితే అంత మంచిది. అమ్మన్న ఆ లెక్కనే ఫస్ట్ క్లాస్ అనుకున్నాడు. ఇల్లు తిరిగి చూడకుండా ఫోన్లో పాస్ నొక్కి, ఫ్యాన్ విప్పి, చేతులు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వెళ్లాడు.

వెంటిలేటరు ఉండాల్సిన చోట అద్దం పలక ఉంది. చుట్టూ సిలికాన్ పూశారు. వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉంది. పలక కింద గ్యాస్ గీజరు. రెండో స్నానాల గది చూశాడు. వంటగది చూశాడు. వెంటిలేటర్ల చోట అక్కడా అద్దాలే.

ఇళ్లు కట్టించే సూపర్‌వైజరు శివాజీ వాకిట్లో టీ తాగుతున్నాడు. రైల్వే క్వార్టర్లలో పుట్టిన కుర్రాడే.

"వెంటిలేటర్లు ఎవులు మూసినారురా?"

"నానే బాబాయ్. గాలి కారకూడదన్నారు కదా, మూసీసినాను. నంబరు చూసినావా, టాప్."

"గీజరు ఏటి పీలుస్తాది? నీ నంబరా?"

"అచ్ఛా, తలుపు కాస్త తీసుకుని పోసుకుంటారులే."

"నువ్వు తీసుకునే పోసుకుంటావేటి?"

శివాజీ నవ్వాడు. అమ్మన్న నవ్వలేదు. "మూసిన గదిలో గ్యాస్ మండితే ఇసం పుడతాది. వాసన రాదు. దగ్గు రాదు. కూకున్నోడు కూకున్నట్టే పడిపోతాడు. వ్యాగనుకి ఊపిరక్కర్లేదురా. ఇంటికి కావాల."

ఆఫీసుకు ఫోన్ చేశాడు. యజమాని తనూజ ఎత్తింది.

"అంకుల్, సర్టిఫికెట్ చలా గయా, వాళ్లకు పంపేశాం. రేపే వాళ్ల గృహప్రవేశం."

"నాను రాసినాను, నానే కొట్టీసినాను మేడమ్. తప్పు నాదని రాయండి."

ఇంటి యజమాని రజిని పదకొండుకు వచ్చింది. కరీంనగర్ మనిషి, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. ఆటోలో పరుపులు, గిన్నెలు దించుతోంది. గ్యాస్ సిలిండరు ముందురోజే గీజరుకు బిగించారు.

"పాస్ అయిందన్నరు గదా అంకుల్?"

"అయింది తల్లీ. నాను సరిగ్గా చూడలేదు. గీజరు ఎలిగించకు."

"పొద్దుగాల నాలుగింటికి మా పాపకు తలస్నానం పొయ్యాలె. చలి ఎట్లుందో చూస్తలేరా?"

"రాడ్డు పెట్టి కాగబెట్టు. కిటికీలు తీసి పాలు పొంగించు."

రజిని శివాజీ వైపు చూసింది. శివాజీ తల దించుకున్నాడు.

అమ్మన్న సంచిలోంచి ఎర్ర గుడ్డ తీశాడు. గీజరుకు వెళ్లే గ్యాస్ గొట్టం వాల్వు మూసి, దానికి ఆ గుడ్డ చుట్టి రెండు ముళ్లు వేశాడు.

"యార్డులో మనిషి వ్యాగన్ కింద ఉంటే ఎర్రజెండా పెడతాం. పెట్టినోడే తియ్యాల. ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా ముట్టుకోడు. శనివారం పదింటికొచ్చి మళ్లీ కొలిసి నానే ఇప్పుతాను."

"పాప అడిగితే ఏం చెప్పాలె?"

"ఇంజను ఆపినామని చెప్పు."

శుక్రవారం గృహప్రవేశం జరిగింది. పాపకు రాడ్డుతో కాచిన నీళ్లు పోశారు. మధ్యాహ్నం శివాజీ మూడు అద్దాలూ కోసి తీయించాడు.

శనివారం పదింటికి అమ్మన్న రాలేదు. పదీ పావుకు శివాజీ ఫోన్ చేశాడు. అమ్మన్న భార్య సీతాలక్ష్మి ఎత్తింది.

"ఏడింటికి టీ తాగినారు బాబూ. డ్యూటీకని చొక్కా తొడుక్కుని మంచం మీద కూకున్నారు. మరి లెగలేదు."

సోమవారం ఆఫీసు నుంచి వేరే మనిషి వచ్చాడు. ఫ్యాన్ బిగించి కొలిచాడు. నాలుగుంబావు వచ్చింది. వెంటిలేటర్లు చూసి పాస్ రాశాడు. ముడి విప్పబోతే రజిని వద్దంది. ఆ వారంలోనే రెండు స్నానాల గదుల్లోనూ కరెంటు గీజర్లు పెట్టించింది. సిలిండరును వంటగదిలోకి మార్పించింది.

పాత గొట్టం గోడకే ఉంది. దాని వాల్వుకు ఎర్ర గుడ్డ, రెండు ముళ్లతో ఉంది.