ముందుగా ఎవరికి చెప్పాలి

చార్టు ఒక మూల అంటిస్తే రెండో మూల ఊడొస్తోంది. శిక్షకురాలు మడమలెత్తి నిలబడి, టేపును బొటనవేలితో గోడకేసి నొక్కిపట్టింది. పొట్టి మనిషి. ముందువైపు జుట్టు నెరిసింది. నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ చీలమండలు వాచి, సాయంత్రానికి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోతుంటాయి. ఆ ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో ఆవిడ చెప్పని పాఠం లేదు. ఒకప్పుడు గుమాస్తాలకి ఫైళ్ళు నడపడం నేర్పింది, తర్వాత కంప్యూటరు. ఇప్పుడు మేనేజర్లకి హరిత ఆర్థిక ప్రణాళిక. బొగ్గూ డీజిలూ పొగా తగ్గించుకుంటూ సంస్థలు ఎలా నడపాలి, ఇన్నాళ్ళూ వాటి మీద బతికినవాళ్ళకి ఏ దారి చూపించాలి అన్నది పాఠం.

నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ ఇవాళ పొద్దుటినుంచీ హాజరు పట్టీ తీసి తీసి చూస్తోంది. వచ్చేవాళ్ళలో బస్సు డిపో మేనేజరున్నాడు. ఆ డిపోలోనే ఆవిడ భర్త డీజిలు మెకానిక్కు.

కరెంటు బస్సులు వస్తున్నాయనీ, ఇంజన్ల షెడ్డు మూసేస్తారనీ ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆ డిపో ప్రణాళిక చిత్తుప్రతి సరిచూడమని ముందు ఆవిడకే పంపారు. ఆ పూటే భర్తకి చెప్పేద్దామనుకుంది. ఆయన అన్నం తింటున్నాడు, తినేటప్పుడెందుకులే అనుకుంది. మర్నాడు హుషారుగా ఉన్నాడు, ఆ హుషారు చెడగొట్టడమెందుకులే అనుకుంది. అలా అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి.

మేనేజర్లు వచ్చి కూర్చున్నారు. నీటి సరఫరా మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "కిందటేడు మా ఆఫీసుకి పచ్చరంగు వేయించాం మేడమ్. సగం మార్కులు అక్కడే ఇచ్చేయండి," అన్నాడు. అందరూ నవ్వారు. డిపో మేనేజరు వైపు చూడకుండా ఆవిడా నవ్వింది.

బోర్డు మీద రాసింది: 'మార్పు గురించి ముందుగా ఎవరికి చెప్పాలి?'

పై అధికారులకని ఒకరు, యూనియనుకని ఒకరు, తలో మాటా అన్నారు.

"ఎవరి పని పోతుందో వాళ్ళకి," అందావిడ. "మనం దాచిపెడితే ఇంకెవరో చెబుతారు. ఆ తర్వాత మనం దారి చూపించినా అది వాళ్ళకి గొయ్యిలాగే కనిపిస్తుంది."

అంటూంటేనే చెవులు వేడెక్కాయి. డిపో మేనేజరు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఆవిడ అతని బల్ల దగ్గర ఆగింది.

"వయసు మళ్ళిన మెకానిక్కులకి కూడా కొత్త బస్సుల పని నేర్పిస్తారా?"

పాఠంలో భాగంగా అడిగిందో, మొగుడి తరఫున అడిగిందో ఆవిడకే తెలియలేదు.

"అందరినీ రమ్మన్నాం మేడమ్," అన్నాడతను, తలెత్తకుండా.

టీ వేళకి అతనే వరండాలో ఆవిడ దగ్గరికి వచ్చాడు. "మీవారికి శిక్షణ గురించి నేనే చెప్పాను. కాగితం ముందు మీ దగ్గరికే వచ్చింది కదా, మీరు ఇంట్లో చెప్పే ఉంటారనుకున్నా, ఆయనతోనూ అదే అన్నాను. ఆయన వద్దన్నారు. కొండమీది డిపోలో ఇంకొన్నాళ్ళు డీజిలు బస్సులే తిరుగుతాయి కదా, అక్కడికి బదిలీ అడిగారు, వేయించాను. ఇవాళే ప్రయాణం. మీకు తెలుసు కదా మేడమ్?"

"తెలుసు," అందావిడ. టీ ఒలికి వేళ్ళ మీద పడింది. చురుక్కుమన్నా గ్లాసు వదల్లేదు.

మధ్యాహ్నం పాఠం ఎలా చెప్పిందో ఆవిడకి గుర్తులేదు. ఒకే చార్టుని రెండుసార్లు వివరించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. తరగతి అయిపోగానే, బోర్డు తుడవకుండానే బయటపడింది. బస్సు ఆగిన ప్రతిచోటా, ఆయన వెళ్ళిపోయి ఉంటాడేమోనని ప్రాణం కొట్టుకుపోయింది.

ఆయన ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. మోకాలితో సంచిని అదిమిపట్టి జిప్పు లాగుతున్నాడు.

"నాతో ఒక్కమాటయినా అనలేదేమండీ?"

"నువ్వన్నావా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆవిడకి కష్టంగా తోచింది.

ఆవిడ మంచం అంచున కూర్చుంది. "నేర్చుకుంటే వస్తుందండీ. నేను పక్కన కూర్చుని చెబుతాను."

"ఇంజను చప్పుడు విని దాని రోగమేంటో చెప్పేవాణ్ణి. ఆ బస్సులు అసలు చప్పుడే చేయవటగా. ఇంక నేనేం వినాలి?"

"ఆ కొండమీద కూడా రేపో మాపో మూసేస్తారు."

"మూస్తారు." సంచి భుజానికెత్తుకున్నాడు. "ఆ కాగితం నీ దగ్గరికొచ్చినప్పుడు మాత్రం ముందు నాకు చెప్పు."

గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగి, "తలుపేసుకో," అన్నాడు. ఆవిడ వేసుకోలేదు. వీధి మలుపులో ఆయన వీపు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత చేతులు కడుక్కుందామని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది.

గట్టు మీద ఆయన సబ్బుబిళ్ళ ఉంది. సగం అరిగిపోయి, వేళ్ళు ఆనినచోటల్లా గ్రీజుతో నల్లబడి, ఇంకా తడిగానే ఉంది.