ఎనిమిది ఓమ్స్ సాక్షి

పొద్దున్నే గంజి కాచడంతో మొదలయ్యేది కనక పని. అరకు స్టేషను రోడ్డులో రేడియో షాపు ముందు కుంపటి పెట్టి, గంజిలో కాయితం ముక్కలు నానేసి, బోర్లించిన గిన్నె మీద పొరలు పొరలుగా అంటించేది. ఎండాక ఊడదీసి అంచులు కత్తిరిస్తే స్పీకరుకి కోను తయారు. మద్రాసు నుంచి కొత్త కోను రావాలంటే నెల పట్టేది. కనక చేసినది రెండో రోజుకే మోగేది.

ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి. కాయితం తెల్లదై ఉండాలి. రాసిన కాయితమైతే, అది రాస్తున్నప్పటి నుంచి సిరా ఆరేదాకా దగ్గరున్నవాళ్లు ఏమన్నారో అదే స్పీకర్లో పలుకుతుంది. పోస్టుమాను ట్రాన్సిస్టరుకి ఒకసారి తొందరలో పాత లగ్నపత్రిక వేస్తే, వార్తల మధ్య వియ్యపురాళ్లు చీరల గురించి దెబ్బలాడుకునేవారు. హాస్టలు పిల్లల నోటుబుక్కు వేసిన రేడియో సినిమా పాట వెనక పదమూడో ఎక్కం వల్లించేది, అదీ తప్పుగా. "మా దానికి తెల్లకాయితం ఎయ్యే" అని చెప్పి ఇచ్చి పోయేవారు జనం, టీలో పంచదార తగ్గించమన్నట్టు.

షాపు తాతారావుది. రైలు లైనుతో పాటు విజయనగరం నుంచి కొండెక్కిన మెకానిక్కు. చూపు మందగించాక బల్ల కనకకి అప్పగించి, తను పక్కన కూర్చుని చెవులతో పని చూసేవాడు. కనక చేతికి మీటరెంత అలవాటో పుస్తకం కూడా అంతే. సామాన్లు చుట్టి వచ్చిన కరపత్రాలు కూడా వదలకుండా చదివేది. స్టేషను గోడ మీద ఎర్రరంగుతో "దున్నేవాడిదే భూమి" అని రాసినవాళ్లు తెల్లారేసరికి వెళ్లిపోయారు. భూమి మాత్రం బుజ్జిబాబు దగ్గరే ఉండిపోయింది.

బుజ్జిబాబు మైదానం నుంచి ఉప్పూ ఎండుచేపలూ అమ్ముకోడానికి వచ్చిన షావుకారు. ఇప్పుడు లోయలో వలిసెపూలు పూస్తే ఆ పసుపులో సగం అతనిదే. అందులో రెండెకరాలు కనక తండ్రి యర్రయ్యవి. సొంత మడిలో తానే కూలివాడై నాగలి పట్టి, నిరుడు ఆ గట్టు మీదే కూలి ప్రాణం వదిలాడు యర్రయ్య. డెబ్భై తర్వాత గిరిజనుడి భూమి షావుకారు కొంటే చెల్లదని చట్టం. బుజ్జిబాబు దస్తావేజులో మాత్రం అరవై ఎనిమిది అని ఉంది. కనక పెట్టిన అర్జీ మీద శుక్రవారం పొలంలోనే విచారణ.

ఆ గురువారం బుజ్జిబాబు జీపు వచ్చి షాపు ముందు ఆగింది.

"కనకా, జీపు మీది రెండు స్పీకర్లలో ఒకదాన్ని ఎలకలు కొట్టేశాయి. ఇదిగో, దాని బదులు ఇంట్లో పాత రేడియోది తెచ్చాను. దీనికీ కోను చిరిగింది. రెండూ కలిపి మోగించాలి. రేపు జనమంతా వినేలా నా దస్తావేజు మైకులో చదువుతాను."

"నా కేసుకి నా సేతే బాజా కట్టిత్తారా బాబూ?"

"లోయలో ఇంకెవరున్నారే? కేసు కేసే, పని పనే. తెల్లకాయితం వెయ్యి. నాకు వియ్యపురాళ్ల గోల వద్దు." జీపు అక్కడే వదిలి నవ్వుకుంటూ పోయాడు.

కనక మీటరు పెట్టి చూసింది. జీపుది నాలుగు ఓమ్స్, ఇంటిది ఎనిమిది. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకరు ఎదురు నిలిచే బలం. బలం తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. నాలుగు కన్నా తగ్గితే జీపు ఆంప్లిఫయరు ఓర్చుకోలేదు.

"మాస్టారూ, రెండూ పక్కపక్కన పారలల్ కట్టేత్తాను. మూడు ఓమ్స్ కూడా రాదు. ఫ్యూజు తీసీసి రాగితీగ సుడతాను. ఆడు నోరు తెరిసీసరికి ఆంప్లిఫయరు అంటుకుంటాది. దాంతో జీపు. దాంతో ఆడు. దోపిడీదారుడికి అదే తీర్పు!"

"ఏ కరపత్రంలో సదివేవు?" అన్నాడు తాతారావు. "ఆడు ఇంకో జీపు కొంటాడు. నీకు జైలు, ఆడికి పొలం. సూడు గుంటా, కోపానికీ ఓమ్స్ ఉంటాయి. మరీ తగ్గిపోతే ముందు మన కొంపే కాలుద్ది."

మధ్యాన్నం అంబలి తెచ్చిన తల్లి చిన్నమ్మి గుమ్మంలో నిలబడి అంతా వింది. ముంత అక్కడ పెట్టి, ఇంటికి వెళ్లి, మడిచిన కాయితం ఒకటి తెచ్చింది. పదేళ్లు ఇంటికప్పు గడ్డిలో ఉండి, పొగచూరి బెల్లం రంగుకి తిరిగింది.

కనక దాన్ని గుర్తుపట్టింది. ఆ రోజు తనకి పదేళ్లు. నాట్లు వేస్తున్న తండ్రిని వేలిముద్రకని వానలో బుజ్జిబాబు కొట్టుకి పిలిపించారు. తడివేలి వల్ల ముద్ర అలికిపోయింది. బుజ్జిబాబు విసుక్కుని ఇంకో కాయితం రాయించి, దీన్ని బురదలోకి విసిరాడు. అప్పటికి కొండ మీద స్పీకర్లు ఎన్నో లేవు. కాయితాల సంగతి ఎవరికీ తెలీదు. మొగుడి వేలిని జనం తొక్కుతారని చిన్నమ్మి ఏరి దాచింది, అంతే.

"నాకు సదువు రాదు. నువ్వే సదివించు."

"నానబెడితే అయ్య ముద్ర పోద్దే అమ్మా. మనకి మిగిలింది ఇదొక్కటే."

"ముద్ర ఆడి కాడా ఉంది. ఆడి కాడ లేనిది మీ అయ్య నోరు."

కనక కాయితాన్ని గంజిలో వేసింది. సిరా కరిగి నీలంగా తేలుతుంటే తల తిప్పుకోలేదు. ఆ పొగరంగు కోనుని ఎనిమిది ఓమ్స్ స్పీకరుకి అంటించి, పైన నల్లరంగు పూసింది. రెండు స్పీకర్లనీ ఒకదాని వెనక ఒకటిగా సీరీస్‌లో కట్టింది. అప్పుడు మొత్తం పన్నెండు. ఆంప్లిఫయరు రోజంతా మోగినా వేడెక్కదు. పైగా సీరీస్‌లో ఎనిమిదికి నాలుగు కన్నా మోతలో రెండింతలు వాటా.

"ఆడి ఆంప్లిఫయరు నూరేళ్లు బతకాల, మాస్టారూ," అంది పళ్లు బిగించి. జీపు తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవరుతో మాత్రం, గమ్ము ఆరాలి, రేపు విచారణ దాకా మీట నొక్కొద్దని చెప్పింది.

మర్నాడు వలిసెపూల మధ్య జీపు ఆగింది. ఆఫీసరు గట్టు మీద కుర్చీలో కూర్చున్నాడు, పక్కన గుమాస్తా. ఊరంతా వచ్చింది. బుజ్జిబాబు గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం..."

ఎడమ స్పీకర్లో ఆ మాట సన్నగా వినిపించింది. కుడిదాన్లో ముందు వాన కురిసింది. వానలోంచి బుజ్జిబాబు గొంతే, పదేళ్లు చిన్నది: "డెబ్భై నాలుగని వేస్తే చెల్లదయ్యా. అరవై ఎనిమిది వెయ్యి. వాడికేం తెలుస్తుంది?"

తర్వాత యర్రయ్య: "ఏటి రాసినారు బాబూ?"

"సంతలో మీకు ఉప్పివ్వడానికి పేరు రాసుకుంటున్నాం. వెయ్యి వేలు."

బుజ్జిబాబు వాల్యూం పెంచాడు. కుడిది రెండింతలు పెరిగింది. "ఆ కుడిది పీకెయ్!" అన్నాడు డ్రైవరుతో.

"ఒకటి పీకితే రెండోదీ మూగపోద్ది బాబూ," అంది కనక. "మీ దస్తావేజూ ఇనపడదు."

"అబద్ధం! కుట్ర!" మైకులోనే అరిచాడు. అరిచిన ప్రతిసారీ ఆ కేకే కరెంటై యర్రయ్యని పలికించింది. నోరు మూసుకుంటే గెలిచేవాడు. కానీ ఈ కొండల్లో ఆ నోటికి ఎవరూ ఎదురు చెప్పింది లేదు. దానికి మూసుకోవడం అలవాటు కాలేదు.

ఆఫీసరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "పెదబయల్లో ఒక రేషను కార్డు కూడా ఇలాగే చెప్పింది," అన్నాడు గుమాస్తాతో. "వాంగ్మూలం రాసుకోండి. సాక్షి పేరు?"

"ఎనిమిది ఓమ్స్ సార్," అంది కనక.

"అర్జీదారుకి ఏమవుతారు?"

"మా అయ్య వేలు."

గుమాస్తా అలాగే రాసుకున్నాడు. ఈలోపు బుజ్జిబాబుకి ఊపిరి అందక మాట ఆగింది. స్పీకరూ ఆగింది.

"ఆపేశారేం?" అన్నాడు ఆఫీసరు. "కరెంటు మీ మాటదే కదా. రాయడం అయ్యేదాకా మాట్లాడుతూనే ఉండండి."

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదో ఒకటి."

బుజ్జిబాబు ఊరివైపు చూశాడు. ఎవరూ కళ్లు దించుకోలేదు. "హలో," అన్నాడు. "హలో... మైకు టెస్టింగ్." ఒక్కో హలోకి యర్రయ్య ఒక్కో మాట చెప్పాడు. ఎండ నడినెత్తికెక్కి దిగింది. బుజ్జిబాబు గొంతు జీరపోయింది. గుమాస్తా కలానికి మూత పెట్టాడు. ఆఫీసరు పొలం అర్జీదారుకి తిరిగి చెందుతుందని ఉత్తర్వు రాసి, సంతకం చేశాడు.

బుజ్జిబాబు మైకు కింద పెట్టబోయాడు. అప్పటికి చిన్నమ్మి వచ్చి కుడి స్పీకరుకి చెవి ఆనించి ఉంది. లోపల వాన తగ్గుతోంది. ముద్ర వేసి బయటికొచ్చిన మనిషి ఎవరితోనో అంటున్నాడు: "సిన్నమ్మీ, తడిసిపోతన్నావు, నా గొడుగు ఏసుకోయే..."

మాట సగంలో తెగింది.

కనక జీపు దగ్గరికి నడిచి, మైకు తీసి మళ్లీ బుజ్జిబాబు చేతిలో పెట్టింది.

"ఆపకండి బాబూ. మా యమ్మ ఇంకా ఇంటంది."