పేరిందేవి పెరటి తూము

ప్రచండమార్తాండకిరణసంతాపమునకు భూమి దోసెపెనమువలె కాగి వృక్షచ్ఛాయలుసైతము ఎండకు వెఱచి తమతమ వృక్షముల మొదళ్లను కౌగిలించుకొని కదలక పడియున్న జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున మల్లవరపట్టణమందలి తూర్పువీధిజనులెల్లరు తాటియాకుగొడుగులు నెత్తిపై పట్టుకొని తమతమ వాకిళ్ల నిలిచియుండిరి. ఆనాడు అమావాస్య. ఆ వీధివారికి అమావాస్యయన్న కుప్పకొలతదినము.

ఏ యింటి చెత్త ఆ యింటి పెరటనే కుప్పవోసికొనవలెననియు వీధిపెద్దయగు వీరభద్రయ్య నెలకొకమాఱు ముడులువేసిన మోకుతో దాని చుట్టుకొలత చూడవలెననియు పూర్వులేర్పఱచిన కట్టుబాటు. సంవత్సరాంతమున అందఱికంటె చిన్నకుప్పగల యిల్లాలికి పట్టుచీర పెట్టి పల్లకిలో నూరేగింతురు. అందఱికంటె పెద్దకుప్పగల యింటివారిని ఈగలను పెంచువారని చెప్పి ఊరిబయటి మిట్టకు తరలింతురు. ఆ వీధివారి కొలతసంవత్సరమునకు ఆ జ్యేష్ఠామావాస్యయే కడపటి కొలత.

పల్లకి యెక్కబోవునది పేరిందేవియని అందఱెఱిగినదే. ఆమె పెరటికుప్ప యెంత చిన్నదనిన దానిపై కోడిపెట్ట కూర్చుండిన కుప్పయే కనబడదు. ఆమె పొదుపు చూచుటకు పొరుగూళ్ల స్త్రీలు బండ్లు కట్టుకొని వచ్చి ముక్కున వేలు వేసికొని పోవుచుండిరి. అందొకయామె వేసికొన్న వేలు తీయుట మఱచి తన యూరు చేరి మగడు చెప్పినపిమ్మట తీసెనని వినికిడి.

అయిన నలుగురు తినెడి యింట నలువదిమందికి వండుట పేరిందేవికి పుట్టింటినుండి వచ్చిన యలవాటు. మిగిలిన యన్నమును పులుసును గారెలును తొక్కలును పిప్పియు సమస్తమును ఆమె పెరటిగోడ యడుగున నున్న తూములోనికి వంచి తెడ్డుతో అవతలికి నెట్టుచుండెను. అవతలిది సింగమ్మయను ఏకాకినియగు వృద్ధ పెరడు. ఆ గోడమీది కాకులు తిని తిని రెక్కలెత్తజాలక ఇంటినుండి ఇంటికి కాలినడకనే పోవుచుండెను. ముసలిది చూపానదు గదా తెలిసికొనదులే యని పేరిందేవి తన మనస్సునకు తానే సర్దిచెప్పుకొనుచు సంవత్సరము గడపెను.

వీరభద్రయ్య మొదట ఆమె పెరటికే వచ్చి మోకు ఒకచుట్టు చుట్టి నవ్వెను.

"ఇది కుప్పా, గోరింటాకు ముద్దా! చీర ఏ రంగు కావాలో చూసుకో తల్లీ."

పిమ్మట జనులెల్లరు సింగమ్మ పెరటికి నడచిరి. అచటి కుప్ప గోడను మించి పెరిగి యుండెను. వెనుకటి నెలవరకు చాలిన మోకు ఈ మాఱు చాలలేదు. ఎద్దుల పలుపులు తెచ్చి ముడివేసినను చాలలేదు. తుదకు వీరభద్రయ్య తన తలపాగ విప్పి జతపఱచినపిమ్మటగాని ఆ కొనయు ఈ కొనయు కలిసికొనలేదు. కుప్పపై ములగకాడల పిప్పి ఎండలో తళతళలాడుచుండెను.

"ఏం సింగమ్మత్తా, నోట్లో ఒక్క పన్ను లేదు, ఇన్ని ములగకాడలు ఎప్పుడు నమిలావు?" అని వీరభద్రయ్య అడిగెను.

జనులు ఘొల్లున నవ్విరి. ఎదురింటి కామాక్షమ్మ చేతులు త్రిప్పుచు "గంజి తప్ప ఎరగనంటుంది గదా, గంజిలోకి గారెలు నంజుకుంటుంది కాబోలు!" అనెను.

సింగమ్మ ఇప్పుడు నోరు విప్పును, ఇప్పుడు చెప్పునని పేరిందేవి ఆమెనే చూచుచు నిలిచెను. సింగమ్మ కఱ్ఱ పొడుచుకొనుచు మెల్లగా గోడకడకు పోయి వీపు చేరవైచి చతికిలబడెను. అలసి కూర్చుండెనని పేరిందేవి మొదట ననుకొనెను. ఆ వృద్ధ చీరచెఱగు క్రిందినుండి ఉదయమున తాను నెట్టిన పులుసు ఇంకను ఆఱక సన్నగా జాఱుచుండుట చూచినపిమ్మట ఆమెకు తెలిసెను. సింగమ్మ తూమును తన వీపుతో కప్పుచుండెను. చూపానదనుకొన్న ఆ కన్నులు ఒక్కమాఱు సూటిగా పేరిందేవినే చూచి తప్పుచేసినది తానే యైనట్లు నేలకు వాలెను.

కాఱుచిచ్చు సోకిన లేతతీగవలె పేరిందేవి నిలిచినచోటనే కమిలిపోయెను. దొంగపని చేసినది తాను, సిగ్గుపడుచున్నది ఆమె.

"కట్టుబాటు కట్టుబాటే అత్తా. రేపు మిట్టకు సామాను సర్దుకో" అని వీరభద్రయ్య పలికెను.

"అలాగే నాయనా. కుండా, చాపా. ఎంతసేపు!"

మౌనముగా నుండిన చాలు, పట్టుచీర వచ్చును, పల్లకి వచ్చును. కాని ఆ పల్లకిలో కూర్చున్నంతసేపును ఒక ముసలివీపు తన్ను కాచుచునే యుండునని తోచినతోడనే పేరిందేవి నోరు తనంత తానే తెఱచుకొనెను.

"ఆ ములగకాడలు నమిలింది మేము, మామయ్యా. గారెలు వండిందీ నేనే, పారేసిందీ నేనే. అత్తని కొంచెం జరగమనండి. వెనక తూముంది."

ఆ మాటకు నడుచుచున్న కాకులుసైతము నిలిచిపోయెనని చెప్పుదురు.

"మరి మాకు పొదుపు పాఠాలు చెప్పావు గదే!" అని కామాక్షమ్మ బుగ్గలు నొక్కుకొనెను.

"చెప్పాను వదినా. చెప్పి లోపలికెళ్లి మళ్లీ నలభైమందికి ఎసరు పెట్టాను."

వీరభద్రయ్య తలపాగను దులిపి చుట్టుకొనెను. పిదప "అత్త ఎక్కడికీ కదలక్కర్లేదు. ఈ కుప్పంతా నీ పెరట్లోకి నువ్వే మోసుకో. తూములోంచి కాదు, నడివీధిలోంచి. వచ్చే అమావాస్యకి నీ వంట తగ్గకపోతే మిట్టకు పోయేది నువ్వే" అనెను.

పేరిందేవి కొంగు నడుమున దోపి గంప నింపెను. తడిసిన చెత్త బండవలె బరువై గంప మోకాలిపైకి లేవలేదు. వీధివారెల్లరు చూచుచు నిలిచిరేగాని ఒక్కరును చేయి వేయ రాలేదు. అప్పుడు సింగమ్మ కఱ్ఱను గోడకు ఆనించి వచ్చి గంప అంచు పట్టుకొనెను.

"ఎందుకు దాచావత్తా?" అని పేరిందేవి వినబడీ వినబడని గొంతుతో నడిగెను.

"పల్లకి ఎక్కబోయే పిల్లవి. నడివీధిలో దించెయ్యమంటావా? ఊఁ, పట్టు. నడుము జాగ్రత్త."

గంప తలకెక్కెను. పులిసిన పులుసు చినుకుచినుకుగా పాపటనుండి జాఱి కన్నీటితో కలిసి గడ్డమునుండి బొట్లుబొట్లుగా వీధిధూళిలో పడుచుండ పేరిందేవి నడిచెను. ఎంతటి బరువునైనను మోయగల మెడ ఆమెది. అయినను ఆ రెండు ముడుతచేతులు తన గంపకు ఊతమిచ్చునపుడు మాత్రము ఆమె తల యెత్తలేకపోయెను.