పక్కింటి దాకా వెళ్ళిన విమానం టికెట్టు

నేను ఒక విమానం టికెట్టుని. అసలు టికెట్టు కంప్యూటర్లో ఎక్కడో ఉంటుందనీ, నేను దాని నకలు కాగితాన్ననీ గిట్టనివాళ్ళు అంటారు. అలాంటి మాటలు నేను పట్టించుకోను. ఆత్రేయపురంలో పావని నడిపే నెట్ సెంటర్లో, మూడుసార్లు ప్రింటర్లో ఇరుక్కుని నాలుగోసారి పుట్టాను. అందుకే నా ఎడమ అంచున ఒక ముడత ఉంటుంది.

నా మీద మూడు విమానాలున్నాయి. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఒక కంపెనీది, అక్కడి నుంచి ముంబైకి ఇంకో కంపెనీది, ముంబై నుంచి మారిషస్‌కి మూడో కంపెనీది. ఏదో వెబ్‌సైటు ఈ ముగ్గురినీ ఒక్క కాగితం మీద కూర్చోబెట్టింది. ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్ళ కాపురం అది. తిరుగు ప్రయాణం వివరాలు నా వీపు మీద ఉన్నాయి. వాటిని అప్పట్లో ఎవరూ తిప్పి చూడలేదు.

నా యజమానురాలు మంగతాయారు. ముప్ఫై ఏళ్ళుగా బోర్లించిన వేడి కుండ మీద పిండి గుడ్డ పరిచి పూతరేకులు తీస్తోంది. ఆవిడ రేకులు ఎన్నో ఊళ్ళు తిరిగాయి గానీ, డబ్బా మీద ఎప్పుడూ షాపువాళ్ళ పేరే ఉండేది. ఇప్పుడు మారిషస్‌లోని తెలుగు సంఘం వాళ్ళు శుక్రవారం పొద్దున ఉగాది సభలో, వేదిక మీద అందరి ముందూ రేకు తీసి చూపించమని ఆవిడనే పేరు పెట్టి పిలిచారు. నన్ను అందుకోగానే తన పేరున్న చోట వేలితో రెండుసార్లు తడిమింది. ఆ వేలి నిండా పాత కాలిన మచ్చలే. ఆ క్షణమే నాకు ఆవిడంటే ఇష్టం పుట్టింది.

ఆవిడ భర్త సూర్రావు కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నీళ్ళయినా మనుషులైనా తాను తలుపు ఎత్తినప్పుడే కదలాలని ఆయన నమ్మకం. కళ్ళజోడు పెట్టుకుని, నన్నూ గోడ మీది క్యాలెండర్నీ మార్చి మార్చి చూశాడు.

"బుధవారం పన్నెండున్నరకా? నిక్షేపంలాంటి రాహుకాలం!" అన్నాడు.

నన్ను మడిచి జేబులో పెట్టుకుని నేరుగా పావని దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్, ఈ మొదటి విమానం ఒక్కటీ మార్చెయ్. మిగతావి కదపకు."

బస్సు దిగి బస్సెక్కినంత తేలిక అనుకున్నాడు పాపం. మొదటి కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్టు కొన్నచోట అడగమన్నారు. కొన్న వెబ్‌సైటు వాళ్ళని అడిగితే విమానం కంపెనీని అడగమన్నారు. మధ్యలో పాట పెట్టి, మీ కాల్ మాకెంతో విలువైనదని చెప్పారు. సూర్రావు ఆ రికార్డు గొంతుకి కూడా "ఆయ్, ఆయ్" అని మర్యాదగా బదులిస్తూ నిలబడ్డాడు. నేను జేబులో నవ్వాపుకోలేకపోయాను.

గంట తంటాలు పడ్డాక వెబ్‌సైటులో దారి దొరికింది.

"బాబాయ్ గారూ, మూడూ ముప్పావుకి ఇంకోటుందండి. కానీ అది హైదరాబాదులో దిగేసరికి అయిదింటి ముంబై విమానం తలుపేసేస్తారండి. కంపెనీలు వేరు కదండీ, ఒకళ్ళ కోసం ఇంకోళ్ళు ఆగరు. మొత్తం మార్చాలంటే శుక్రవారం రాత్రి దిగేదే ఉందండి."

"సభ పొద్దున కదా?"

"అందుకే అడుగుతున్నానండి. పది నిమిషాల్లో నొక్కాలి."

వెనకే వచ్చిన మంగతాయారు ఎడంగా నిలబడింది. పిండి అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఉంది. సూర్రావు ఆవిడ వైపు చూడకుండా, "సభ కంటే ప్రాణం ముఖ్యం. నొక్కెయ్," అన్నాడు.

"ఆగమ్మా," అంది మంగతాయారు. "ఏవండీ, రాహుకాలంలో బయల్దేరకూడదు, అంతే కదండి? సోమవారం పొద్దున మంచి గడియలో పక్కింట్లో పరస్థానం పెట్టేద్దాం. బయల్దేరినట్టే కదండి. తిరపతి వెళ్ళేటప్పుడు మీరు గొడుగు పెట్టలేదేంటి?"

మంచి గడియలో సామాను ఇంకొకరింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తరవాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. గొడుగు మాట వచ్చాక సూర్రావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మళ్ళీ పెట్టుకునేలోపే కంప్యూటరు సమయం అయిపోయిందని చెప్పి మూసుకుంది.

సోమవారం పదింబావుకి, పాత చీరల్లో చుట్టిన కుండ పెట్టెనీ దాని మీద నన్నూ పక్కింటి చిన్నమ్మడి గడప దాటించారు. ఏడడుగులు. అలా ముంబై, మారిషస్ రాసుకున్న నేను ఏడడుగుల్లో ప్రయాణం ముగించాను. ఎందుకంటే చిన్నమ్మడు నన్ను జాగ్రత్తగా దేవుడి పటం వెనక దోపింది. బుధవారం హడావిడిలో కుండ పెట్టె మాత్రం కారెక్కింది.

నేను లేకుండా ఎలా ఎక్కనిస్తారో చూద్దామని పటం వెనక ధీమాగా కూర్చున్నాను. పావని ఫోన్లోకి పంపిన నా బొమ్మ చూసి ఎక్కనిచ్చేశారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం సూర్రావు చిన్నమ్మడింటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా చెల్లెమ్మా! విమానమే గంటకి పైగా ఆగి, ఒంటిగంటా నలభైకి కదిలింది. రాహుకాలం దాటాకే! హైదరాబాదులో రెండోది కూడా దొరికిందంట."

"మరి ఇంత గొడవెందుకు చేశారు అన్నయ్యగారూ?"

ఆయన వెలుగు తగ్గింది. నన్ను పటం వెనక నుంచి తీసి ముడత సాపు చేశాడు.

"రాహువు కాదులే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క పూట ఒంటరిగా అన్నం తిన్లేదు నేను. ఒక్కరోజైనా ఆగుద్దేమో అనుకున్నా. తప్పే."

నేను ఆయన్ని వెక్కిరించడం ఆ రోజుతో మానేశాను.

శుక్రవారం ఫోన్లో ఫొటో వచ్చింది. వేదిక మీద మంగతాయారు రెండు చేతులా పల్చటి రేకు ఎత్తి పట్టుకుని ఉంది. వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఆవిడ పేరు. సూర్రావు ఆ ఫొటో ఊరంతా తిప్పాడు. ఆ పూట అన్నం మాత్రం సగమే తిన్నాడు.

ఆదివారం కూర గిన్నెతో వచ్చిన చిన్నమ్మడు నన్ను తిప్పి వీపు చదివింది.

"అన్నయ్యగారూ! హైదరాబాదు నుంచి తిరుగు విమానం మంగళవారం మూడున్నరకండి. మంగళవారం, పైగా రాహుకాలం! పావనితో చెప్పి మార్పించరా?"

సూర్రావు నన్ను ఆవిడ చేతిలోంచి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికొచ్చే మనిషికి రాహుకాలమేంటమ్మా! ముందు రానియ్."

మంగళవారం ఆ విమానం అక్కడ ఇంకా కదలకముందే, రెండింటికల్లా మేమిద్దరం రాజమండ్రి విమానాశ్రయం బయట ఉన్నాం. ఆయన జేబు లోంచి నేను మొదటిసారి విమానాన్ని చూశాను.