తొమ్మిదో నంబరు నిక్కరు

అనపగింజలు పితుకుతూ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసే ఆడమనిషి మా నగరిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆదివారం మధ్యాహ్నం, నానిన గింజల గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఫోను గోడకు ఆనించి కూర్చున్నాను. వేళ్ల మధ్య నొక్కితే పప్పు గిన్నెలోకి, తొక్క చేటలోకి పడుతోంది. చూపు మాత్రం ఫోను మీదే. పక్కన చాప మీద పడుకున్న మా ఆయన ధనంజయ కాసేపు నన్ను, కాసేపు ఫోనును చూసి నవ్వాడు.

"ఏమ్మే పంకజా, బాలు ఆపక్క పోతా ఉంటే నువ్వు ఈపక్క సూస్తావేంది?"

"నేను బాలు సూడ్డంలా. నిక్కరు సూస్తా ఉండా."

"నిక్కర్లు సూసేదానికొక మ్యాచ్చి!" అని అటు తిరిగి పడుకున్నాడు.

నవ్వితే నవ్వనీ. ఆ నిక్కర్లు మేం కుట్టినవి. పుత్తూరు రోడ్డులో మా గార్మెంట్ యూనిట్ ఉంది. చెన్నైలో ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి, ఆడినందుకు జీతాలిచ్చేది, ఈ ఏడు వాళ్ల బట్టలు మాకిచ్చింది. అప్పటి నుంచి వాళ్ల మ్యాచ్ వస్తే నాకు ఒకటే బెంగ. పరిగెత్తేటప్పుడు కుట్టు పిగిలిపోతుందేమో, అంతమంది ముందు ఆ పిల్ల పరువు పోతుందేమో, ఎవరు కుట్టారని వెతుక్కుంటూ నా మెషిను దాకా వస్తారేమో. ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఆట నాకు తెలియదు. గోలు పడితే అరుపులను బట్టి తెలుసుకుంటాను. కానీ తొమ్మిదో నంబరు పిల్ల మొదటి సగంలోనే పదకొండుసార్లు నిక్కరు కిందికి లాక్కుందని నాకు తెలుసు. లెక్కపెట్టాను. బలమైన తొడల పిల్ల, పరిగెత్తితే నేల అదురుతుందా అన్నట్టుంటుంది. నాలుగు అడుగులు పరిగెత్తడం, చెయ్యి కిందికి పోవడం. ఒకసారి బంతి కాలి దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల చెయ్యి నిక్కరు అంచు మీద ఉంది. బంతి వెళ్లిపోయింది. మైదానమంతా అయ్యో అంది. ఫోనులో ఆట గురించి చెప్పేవాళ్లు ఆ పిల్లకు ధ్యాస లేదన్నారు.

ధ్యాస లేకపోవడమేంటి? సగం ధ్యాస బంతి మీద, సగం బట్ట మీద పెట్టి ఆడుతోంది. వంగినప్పుడల్లా మెడ దగ్గర జెర్సీని ఇంకో చేత్తో పట్టుకుంటోంది. అది చూశాక నేను పప్పు పితకడం ఆపేశాను. నేనూ అంతే కదా. ఇల్లు ఊడ్చేటప్పుడు, మామకు అన్నం వడ్డించేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, పద్దెనిమిదేళ్లుగా ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి పైటకి. "ఒళ్లు తెలీకుండా వంగుతాది సూడు" అని పెళ్లైన కొత్తలో మా అత్త ఒక్కసారి అన్న మాట. ఆమె మరిచిపోయి ఉంటుంది. నా చెయ్యి మరిచిపోలేదు.

తప్పు యాడుందో నాకు మొదట్నించీ తెలుసు. అవి మగవాళ్ల నిక్కర్లు. మగవాళ్ల కొలతలు గీసిన పేటర్ను కాగితాన్నే నాలుగు పక్కలా చిన్నది చేసి ఆడవాళ్లదని చీటీ అతికించారు. నడుము దగ్గర లూజు, తొడ దగ్గర బిగువు. నాకు తోచింది సూపర్‌వైజర్ ప్రతాప్‌కు చెప్పాను కూడా. "ఆడోళ్లకైనా మొగోళ్లకైనా కాళ్లు రెండే గదమ్మా. నీకేమన్నా మూడో కాలు కనపడిందా?" అన్నాడు. సెక్షన్‌లో మగవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, నేనూ నవ్వడం.

ఆ మ్యాచ్ అయిన వారానికి కొత్త సీజను కోసం శాంపుళ్లు కుట్టమని మా సెక్షన్‌లో ఏడుగురు ఆడవాళ్లకు పంచారు, నా వంతుకు ఆరు నిక్కర్లు వచ్చాయి. శాంపుల్ అంటే కత్తిరించడం, కుట్టడం రెండూ ఒకరే. నేను యూనిట్‌కు రాకముందు పన్నెండేళ్లు ఇంట్లో జాకెట్లు కుట్టాను. జాకెట్ కుట్టేవాళ్లెవరూ గీత మీదే కత్తిరించరు. గీతకు అవతల అంగుళం గుడ్డ వదిలి, దాన్ని లోపలికి మడుస్తారు. ఆడవాళ్ల ఒళ్లు ఒకచోట నిలవదు. పెళ్లిలో ఒక కొలత, బిడ్డ పుట్టాక ఒకటి, జబ్బు చేస్తే ఒకటి. కుట్టు విప్పుకుని వదులు చేసుకోవడానికి గుడ్డ ఉండాలి. యూనిట్‌లో అట్లా వదిలితే తప్పు. మిగిలిన గుడ్డంతా వేస్టు కింద లెక్క.

ఆ రోజు మా పాప లోహితకు జ్వరం. నా మనసంతా డెంగీయేమో, రక్తంలో కణాలు పడిపోతాయేమో అని అక్కడే తిరుగుతోంది. చేతులు వాటి దారిన అవి పోయాయి. ఆరు నిక్కర్లకూ రెండు పక్కలా అంగుళం వదిలి కుట్టేశాను. బయట టేపు పెడితే కొలత సరిగ్గా ఉంది. ప్రతాప్ కొలిచి, సరే అని అందరివీ ఒకే మూటలో కలిపి చెన్నైకి పంపేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి పాప నుదురు పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. ఆ ఊరట పడిన క్షణంలోనే గుర్తొచ్చింది, నేను జాకెట్లు కుట్టినట్టు కుట్టానని.

మా ఆయనకు చెబితే, "అడిగితే నాకు తెలీదని సెప్పు. ఏడు మంది ఉండారు ఆ సెక్షన్లో, నీ పేరెందుకు బయటికొస్తాది?" అన్నాడు. పక్క మెషిను గ్రేసీకి చెబితే, "లోపలుండేది ఎవురు సూస్తారులే అక్కా, ఫస్టు టీ తాగు" అంది. పది రోజులు నేను టీ తాగలేదు, అన్నం తినలేదు. ఆ మడత రాసుకుని పిల్లల తొడలు పుండ్లు పడినట్టు, ఆర్డరు పోయినట్టు, యూనిట్‌లో అందరి పని నా వల్లే పోయినట్టు ఊహించుకున్నాను.

బుధవారం పొద్దున చెన్నై నుంచి కారు వచ్చింది. క్లబ్బులో బట్టలు చూసుకునే మేడమ్ దిగింది. పొట్టి జుట్టు, ఒకప్పుడు తనూ ఆడిందట. చేతిలో తెల్ల నిక్కరు. లోపలి వైపు బయటికి తిప్పి ఉంది. అంత దూరం నుంచే గుర్తుపట్టాను.

ప్రతాప్ దాన్ని తీసుకుని చూశాడు. మొహం ఎర్రబడింది. మా ఏడుగురినీ వరసగా నిలబెట్టాడు.

"ఎవురు సేసినారు ఈ పని? అంగుళం గుడ్డ లోపల దాచిపెట్టినారే, మీ యమ్మ యింటి గుడ్డ అనుకున్నారా?"

గ్రేసీ నేల చూపులు చూస్తోంది. మా ఆయన చెప్పిన మాట నా నాలుక చివరే ఉంది. నాకు తెలీదు. రెండే ముక్కలు. అప్పుడు ప్రతాప్ విసురుగా నిక్కరును విదిలించాడు, నాకు దాని కుడిపక్క కనపడింది. నా కుట్టు లేదు. విప్పేసిన సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. కత్తెరతో కోసింది కాదు, ఒక్కో పోగూ సూదితో ఓపికగా లాగింది. దానికి ముప్పావు అంగుళం అవతల, చేత్తో వేసిన కొత్త కుట్టు. వంకర టింకరగా, నల్లదారంతో. కుట్టడం రాని చెయ్యి. కానీ ఎక్కడ వదులు కావాలో తెలిసిన చెయ్యి. మా యూనిట్ వాళ్లలో ఆ కుట్టు నాకొక్కదానికే అర్థమైంది.

"నేనే సార్," అన్నాను.

గ్రేసీ నా జాకెట్ చెయ్యి పట్టి లాగింది. ప్రతాప్ నోరు తెరిచేలోపే మేడమ్ నా ముందుకొచ్చింది. అరవం కలిసిన తెలుగు.

"నువ్వామ్మా? మా తొమ్మిదో నంబరు పిల్ల శాంపుల్ చూసింది, లోపల గుడ్డ ఉంది అని తనే విప్పి కుట్టుకుంది. ప్రాక్టీసు అంతా ఇదే వేసింది. చెయ్యి కిందికే పోలేదు. ఎవరు వదిలినారో చూసి రమ్మని నన్ను పంపింది. ఏమని వదిలినావు?"

మతిమరుపుతో వదిలానని చెప్పాలా? అబద్ధం కాదు. అయినా పూర్తి నిజమూ కాదనిపించింది. "ఆడోళ్లకు కుట్టేటప్పుడు వదల్తాం మేడమ్. వదలకపోతే అది కుట్టే కాదు."

"ఆమె ఎనిమిదో క్లాసు మేడమ్, జాకెట్లు కుట్టుకునే మనిషి. నేను మాట్లాడ్తా రండి," అన్నాడు ప్రతాప్.

మేడమ్ కదల్లేదు. "ఇంకా ఏమన్నా చూసినావా నువ్వు?"

ఇదిగో, ఇక్కడే ఆగిపోవచ్చు. పని పోలేదు, తిట్టు తప్పింది. ఇంటికి పోయి సుఖంగా అన్నం తినొచ్చు. కానీ మ్యాచ్‌లన్నీ కళ్ల ముందు తిరుగుతున్నాయి. మెడ కోత కిందికుందని, పిల్లలు వంగితే చేత్తో పట్టుకుంటున్నారని చెప్పాను. వీపు మీద నంబరు అట్టలాగుందని, చెమట పట్టినాక అతుక్కుపోయి భుజం తిప్పనీయడం లేదని చెప్పాను. అక్కడితో ఆగలేదు.

"ఇంకొకటి ఉండాది మేడమ్. తెలుపు వద్దు."

"ఏమి? తెలుపు క్లబ్బు రంగు కదా."

చుట్టూ చూశాను. ప్రతాప్, కటింగ్ మాస్టరు, ఇస్త్రీ వాళ్లిద్దరు, కారు డ్రైవరు. నా జీవితంలో ఆ మాట మగవాళ్ల ముందు అనలేదు. మా ఇంట్లో ఆ మూడు రోజులకు "బయటుండాది" అంటారు, అదీ గొంతు తగ్గించి. "మేమంతా ఓర్చుకోలేదా" అంటుంది అత్త.

"నెలసరి వస్తాది గదా మేడమ్. ఎరుపు కనపడతాదేమోనని ఆ పిల్ల నిమిషానికొకసారి ఎనక్కి తిరిగి సూసుకుంటా ఉంటే బాలు ఎట్ల తంతాది? రంగు మార్చండి. ముదురు నీలమైనా సరే."

ప్రతాప్ గోడకున్న గడియారం వైపు చూశాడు. ఇస్త్రీ ఆయన పెట్టె మీదికి వంగాడు. ఏమీ కూలలేదు. మెషిన్ల మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. వెనక నుంచి గ్రేసీ, "నిజం మేడమ్" అంది. తర్వాత ఇంకో గొంతు. తర్వాత ఇంకోటి.

మేడమ్ ప్రతాప్ చేతిలోంచి నిక్కరు తీసుకుని మడిచింది. "పదిహేనేళ్లు ఆడినాను. ఎవరికీ చెప్పలేదు," అంది. పోతూ పోతూ ప్రతాప్‌తో, శనివారం నన్ను చెన్నైకి పంపమంది. పేటర్ను కాగితం కాదట, ఇరవై మూడు మంది పిల్లలనూ నిలబెట్టి నేనే కొలతలు తీయాలట.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. లోహిత ఎగిరి, "అమ్మా, తొమ్మిదో నంబరును ముట్టుకుంటావా నువ్వు?" అంది. మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఒక్కదానివే ఎట్ల పోతావు? నేనూ వస్తా."

"కొలతలు తీసే గదిలోకి నిన్నెవురు రానిస్తారు? నువ్వు ఈడుండి పాపకు, అత్తామామకు అన్నం వండు."

"నేనా? వండేదానికా?" అని వంటింటి వైపు చూశాడు. కోపం లేదు ఆ మొహంలో, బెదురు ఉంది. "అది గాదు పంకజా. ఇరవై మూడు మంది. పెద్ద క్లబ్బు. నువ్వు పోయి కొలత తప్పు తీసినావనుకో, అప్పుడేం జేస్తావు?"

అది నా మాట. పొద్దున్నుంచి నాలో నేను వందసార్లు అనుకున్న మాట. ఇంకొకరి నోట్లోంచి వింటే అదేమంత పెద్దదిగా అనిపించలేదు. టేపు చుట్టి సంచిలో వేసుకున్నాను.

"ఇప్పి మళ్లా కుడతా," అన్నాను.